పావు అంగుళం గుడ్డ

నా చిన్నప్పుడు, నాకు పదేళ్లు నిండిన ఏడాది, వానలు మొదలైన వారంలోనే మా అమ్మ పోయింది. మేము పుదుచ్చేరిలో సారం అనే పేట వైపు ఉండేవాళ్లం. నాన్న మిల్లులో షిఫ్టు పనికి వెళ్లేవాడు. రెండేళ్ల తమ్ముణ్ణి చూసుకునే మనిషి లేక, వాణ్ణి బాహూరులో మా పెద్దమ్మ దగ్గర ఉంచాలని పెద్దవాళ్లు అనుకున్నారు. నన్నెవరూ అడగలేదు.

తమ్ముడు అమ్మ చీర కొంగు పిడికిట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోయేవాడు కాదు. కర్మ అయ్యాక అమ్మ చీరలు చాలావరకు ఇచ్చేశారు. మిగిలినవి రెండే నూలు చీరలు, అవీ మడతల దగ్గర చిరిగినవి. జాకెట్లు కుట్టే పక్కింటి అత్త వాటిలో గట్టిగా ఉన్న చోట్లు చూసి చదరపు ముక్కలు కత్తిరించింది. వాటిని కలిపి వాడికొక బొంత చేద్దామంది. నేనే కుడతానని పట్టుబట్టాను. తన మిషను ముందు కూర్చోబెట్టి, ముక్క అంచు నుంచి పావు అంగుళం లోపలికి కుట్టాలని రెండుసార్లు చూపించింది.

నేను అంత వదల్లేదు. ఒక్కో కుట్టులో అంత గుడ్డ లోపలికి పోతుంటే ప్రాణం ఒప్పలేదు. అంచు మీదే కుట్టుకుంటూ పోయాను. దీపావళి జాకెట్లు కత్తిరించే పనిలో పడి అత్త దాన్ని తిప్పి చూడలేదు. వెనక పాత పంచె వేసి నేనే ముగించాను. బొంత పెద్దదిగానే వచ్చింది.

తమ్ముడి ప్రయాణానికి ముందురోజు పొద్దున దాన్ని ఉతికాను. పిండేటప్పుడే కుట్లు విడిపోయాయి. అంచులు పోగులు పోగులుగా లేచి, ముక్కలు వేలాడాయి. తమ్ముడు దాన్ని లాగుతూ ఏడ్చాడు. నాన్న చూశాడు, చొక్కా తొడుక్కుని మిల్లుకు వెళ్లిపోయాడు. కొట్టినా బాగుండేదనిపించింది.

తడి బొంత ఎత్తుకుని అత్త దగ్గరకు వెళ్లాను. తిడుతుందనుకున్నాను. ఆమె కుట్టును తిప్పి చూసి నెమ్మదిగా అడిగింది.

“ఏందికి పాపా ఇంత అంచున కుట్టినావు?”

“లోపలికి పోతే అమ్మ చీర కనపడదు కదత్తా.”

ఆమె తడి బొంతను కింద పెట్టింది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

“లోన ఉండేది యాడికీ పోలేదు పాపా. అదుంటేనే కుట్టు నిలుస్తాది.”

అమ్మ పోయాక నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే.

తడి ముక్కల్ని ఆమె ఇస్త్రీ పెట్టి ఆరబెట్టింది. పోగులు లేచిన అంచులన్నీ కత్తిరించేసరికి అవి చిన్నవైపోయాయి. అమ్మకు ఆసుపత్రిలో వాడగా మిగిలిన, అంటించే ప్లాస్టరు చుట్ట మా ఇంట్లో ఉంటే తెమ్మంది. సూది నుంచి పావు అంగుళం కొలిచి మిషను పలక మీద దాన్ని అంటించి, గుడ్డ అంచు ఆ ప్లాస్టరును ఆనుకునే నడవాలని చెప్పింది. సాయంత్రం దాకా కుట్టాను. ఈసారి మూలకు మూల కలిసింది. బొంత మాత్రం వాడి మోకాళ్ల దాకానే వచ్చింది.

మర్నాడు పెద్దమ్మ వచ్చి వాణ్ణి తనతో బస్సెక్కించుకుంది. వాడు బొంతలో మొహం దాచుకుని, నా వైపు చూడకుండానే వెళ్లాడు. ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడొచ్చినా చుట్టం లాగానే వచ్చాడు. పెద్దమ్మనే అమ్మా అని పిలిచేవాడు.

నాకిప్పుడు అరవై దాటాయి. వీధిలో పిల్లలకు కుట్టు నేర్పిస్తాను. ఎవరైనా కొలత తప్పి కుడితే గుడ్డ వాళ్ల చేతిలోంచి లాక్కోను. ఎందుకలా కుట్టావని అడిగి, వాళ్లు నోరు విప్పేదాకా ఆగుతాను.