బో-చు ఇంటి మీద కట్టిన కథ

ఫెంగ్-కెంగ్ కనుమ దారిలో మెట్లు ఊడ్చే పని బో-చుకి దొరికి కిందటేటికి పదకొండేళ్ళయింది. సముద్రం ఒడ్డున మొదటి మెట్టు దగ్గర నుంచి కొండ నడుమనున్న రాతి ఇంటి దాకా ఆమె వంతు. తైపే రైలు దిగి నడకకొచ్చేవాళ్ళు ఎనిమిదింటికల్లా ఎక్కడం మొదలుపెడతారు. ఆలోగా రాళ్ళ మీద నాచు గీకెయ్యాలి, రాలిన ఆకులు పక్కకు తోసెయ్యాలి.

ఆ రాతి ఇల్లు ఒకప్పుడు ఆమెదే. పంతొమ్మిదో ఏట ఆ గుమ్మంలోకి కోడలిగా వచ్చింది. భర్త తియెన్-లాయ్ కొండ వాలులో చిలగడదుంపలు వేసేవాడు, రెండు పందుల్ని పెంచేవాడు. చేపల కాలంలో ఇద్దరూ కావళ్ళు భుజాన వేసుకుని, ఉప్పు చేపలు కనుమ దాటించి అవతలి వరి పల్లెల్లో అమ్ముకొచ్చేవారు. ఆ దారి రెండు వందల ఏళ్ళ నాటిదని గానీ, దానికి చరిత్ర ఉందని గానీ వాళ్ళకు తెలియదు. కాళ్ళు జారే దారి అని మాత్రం తెలుసు.

కొండంతా సర్కారు పార్కు అయిన ఏడాది ఆఫీసువాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చుని టీ తాగారు. ఎంతో మర్యాదగా మాట్లాడారు. మిమ్మల్ని ఎవరూ వెళ్ళిపొమ్మనరు, అనుమతి లేకుండా రాయి కదపొద్దు, కొమ్మ నరకొద్దు, అంతే అన్నారు. ఆ తర్వాత తుఫాను వచ్చినప్పుడల్లా కప్పు మీది పలకరాళ్ళు నాలుగైదు ఎగిరిపోయేవి. బాగుచేసుకుంటామని తియెన్-లాయ్ మూడుసార్లు దరఖాస్తు పెట్టాడు. ఇది పురాతన కట్టడం, నిపుణులు వచ్చి చూడాలని మూడుసార్లూ ఒకటే జవాబు. నిపుణులు మాత్రం రాలేదు.

నాలుగో ఏడు తుఫానుకి సగం కప్పు లేచిపోయింది. మిగిలిన సగాన్నయినా కాపాడుకుందామని తియెన్-లాయ్ రాళ్ళ మీద కప్పి బిగించడానికి పాత వల ఒకటి తీసుకుని వానలోనే పైకెక్కాడు. తడిసిన రాయి మీద కాలు జారి వాకిట్లో బండల మీద పడ్డాడు. నలుగురు మగవాళ్ళు అతన్ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి కిందికి మోశారు. చివరి మెట్ల దాకా ఊపిరి ఉంది. ఒడ్డు చేరేసరికి లేదు.

నలభై తొమ్మిది రోజుల కర్మలు ముగిశాక బో-చు కొండ దిగి, చేపలు ఎండబెట్టే కొట్టంలో పనికి కుదిరింది. రెండేళ్ళు తిరక్కుండా అదే ఆఫీసు పనివాళ్ళను పంపి, పాత రాయికి సరిపోయే రాయి వెతికించి, ఆ కప్పు అందంగా వేయించింది.

కిందటి శరదృతువులో, కొండంతా రెల్లు పూసి తెల్లబడ్డ రోజుల్లో, ఆమె ఇంటి వెనక కాగితాలు ఏరుతోంది. ముందు వైపు బావగారి కొడుకు చూన్-షెంగ్ గొంతు వినిపించింది. సెలవు రోజుల్లో అతను నడుముకి మైకు కట్టుకుని జనానికి దారి చూపిస్తాడు.

"ఈ ఇంటి ఇల్లాలు రోజూ ఈ కిటికీ దగ్గర కూర్చుని, వేటకెళ్ళిన మొగుడి పడవ కోసం చూసేదండి. ఓ తుఫానులో ఆ పడవ తిరిగి రాలేదు. అయినా ముప్పై ఏళ్ళు చూస్తూనే ఉంది."

ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. బో-చు చీపురుతో సహా ముందుకొచ్చింది.

"ఆ కిటికీలోంచి సముద్రమెక్కడ కనిపిస్తుందమ్మా? పందుల దొడ్డి కనిపించేది."

అందరూ నవ్వారు. చూన్-షెంగ్ కూడా నవ్వాడు. "మా పిన్నండి. మాటకారి."

"నా మొగుడికి పడవే లేదు. ఆయనకి ఈత కూడా రాదు. కప్పు బాగుచేసుకుంటామంటే పార్కువాళ్ళు ఒప్పుకోలేదు. అదే కప్పు మీంచి జారి, ఇదిగో, ఇక్కడ పడ్డాడు."

ఆమె చూపించిన బండ మీద నిలబడ్డవాళ్ళు పక్కకు జరిగారు. ఒక కుర్రవాడు, "మామ్మగారూ, ఆ కిటికీ దగ్గర కూర్చుంటారా? ఒక్క ఫోటో" అన్నాడు.

ఆమె చీపురు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

జనం వెళ్ళాక చూన్-షెంగ్ ఆమెను మెట్ల దగ్గర పట్టుకున్నాడు.

"ఏంటి పిన్నీ, నా పరువు తీశావు? ఆయాసపడుతూ ఎక్కొచ్చినవాళ్ళకి దరఖాస్తుల గోల చెప్పమంటావా?"

"మీ చిన్నాన్నని మోసినవాళ్ళలో నువ్వున్నావు కదరా."

"ఉన్నాను. తల దగ్గర కుడి పక్క నేనే. నువ్వు పాత గుడ్డేదో కప్పితే, అది గాలికి ఎగిరి నా మొహాన పడేది. మర్చిపోయాననుకున్నావా?" అతను నడుముకున్న మైకు విప్పాడు. "అది తల్చుకుంటూ ఈ మెట్లు ఎక్కగలనా? అందుకే ఇంకోటి చెప్పుకుంటున్నా. నీకేం నష్టం?"

"ఆయన్ని సముద్రంలో కలిపేశావు. అదీ నష్టం."

అతను మైకు తీగ చుట్టుకుంటూ దిగిపోయాడు.

పది రోజుల తర్వాత, ఊడ్చేవాళ్ళ పని చూసే మేస్త్రీ ఆమెను పిలిచాడు. "రేపట్నుంచి కింద, కార్లు ఆపే చోట మరుగుదొడ్లు చూసుకో పెద్దమ్మా. మెట్లెక్కలేకపోతున్నావంట కదా. మీ చూన్-షెంగే చెప్పాడు, పాపం, నీ మోకాళ్ళ గురించి బాధపడుతూ."

బో-చు మోకాళ్ళకు ఏ నొప్పీ లేదు. ఆ మాట అనలేదు. అంటే ఉన్న పని కూడా పోతుందని తెలుసు.

ఈ ఏడు భర్త పోయిన రోజున, మధ్యాహ్నం షిఫ్టుకి ముందు, ఊడ్చే పనిలో చేరాక మొదటిసారి చేతిలో చీపురు లేకుండా ఆ మెట్లెక్కింది. కిటికీ పక్కన కొత్త బోర్డు పెట్టారు. సముద్రం వైపు చూస్తున్న ఆడమనిషి బొమ్మ గీశారు. మొహం నునుపుగా, పడుచుగా ఉంది. కింద రాసింది ఆమె చదవలేదు. వాకిట్లో వంగి అగరొత్తులు తీసేసరికి కాపలా మనిషి పరిగెత్తుకొచ్చాడు.

"ఇక్కడ నిప్పు పెట్టకూడదండీ. పాతకాలం ఇల్లు."

ఆమె అతని మొహంలోకి చూసింది. కొత్తవాడు, ఏమీ తెలియనివాడు. వెలిగించని అగరొత్తులు మూడూ బండల సందులో గుచ్చి, మూడుసార్లు తల వంచి దణ్ణం పెట్టి, పనికి వేళవుతోందని గబగబా దిగిపోయింది.