పటికబెల్లం కరిగేదాకా

ఆ రోజుల్లో మా ఇంటికి మేడ లేదు, కాని ఊళ్లో మమ్మల్ని మేడవారనే పిలిచేవారు. పై అంతస్తు కలప నాన్నగారి హయాంలోనే ఒక్కొక్క దూలంగా అమ్ముడైపోయింది. మిగిలిన కింది గదుల్లో, వాన పడితే ఏ మూల కూర్చోవాలో నాకు కంఠతా వచ్చు. అయినా కొత్తపేట సెంటర్లో ఎవరైనా "మేడబ్బాయి గారూ" అంటే చాలు, నా వెన్ను దానంతటదే నిటారయ్యేది. (ఉద్యోగం లేని ఇరవై ఆరేళ్లవాడికి వెన్ను తప్ప నిలబెట్టుకోవడానికి ఇంకేం ఉంటుంది?)

ఆ వెన్నుతోనే ఒక ఆదివారం మా రచయితల కూటమికి సినిమా కథ చెప్పడానికి వెళ్లాను. ఒక ట్యుటోరియల్ గదిలో అయిదారుగురం కూడేవాళ్లం. అక్కడొక నియమం ఉండేది: కథ చెప్పినవాడు అందరి అభిప్రాయాలూ విన్నాకే నోరు తెరవాలి. ఎవరూ ఆగేవాళ్లు కాదు కనుక, కథ అవగానే చెప్పినవాడి నోట్లో మొదట్లో పూతరేకు పెట్టేవారట. అది నాలుక మీద పడగానే కరిగిపోయి వాదన మొదలయ్యేది. అందుకని పటికబెల్లానికి మారారు. కొరకకూడదు, కరిగేదాకా వినాలి. హైదరాబాదులో ఉన్న ఒక దర్శకుడు (మా వైపు అల్లుడే) మా కూటమి నుంచి ఒకే ఒక్క కథ పంపమన్నాడు. అది నాదే కావాలి. అందులో హీరో మా తాతగారే. ఆయన తెర మీద కనిపిస్తే, పోయిన మేడ మళ్లీ లేచినట్టేనని నా నమ్మకం.

గోదావరికి పెద్ద వరద వచ్చి ఏటిగట్టు తెగుతుంది. గట్టు కింద కూలీల పేట మునుగుతుంది. తాతగారు లాంతరు పట్టుకుని మేడ తలుపులు బార్లా తెరిచి పేటవాళ్లందరినీ పైకి రమ్మంటారు. నీళ్లు తీశాక జనం ఆయన కాళ్లకి మొక్కుతారు. అదీ నా కథ. ఆ మొక్కే చోట గొంతు వణికించడం అద్దం ముందు అభ్యాసం చేసి మరీ వెళ్లాను. అనుకున్న చోటే వణికింది.

నోట్లో పటికబెల్లం పడింది. ముందుగా సీరియల్ గారు (ఒక టీవీ సీరియల్‌కి రెండు భాగాలు మాటలు రాసి, ఆ గౌరవం మీదే కాలక్షేపం చేస్తున్న పెద్దమనిషి) అందుకున్నారు. "హీరోకి ఒక్క తప్పు కూడా లేదేటండీ? పటానికి దండేసినట్టుంది గాని, కథ లేదండి." నేను బెల్లం ముక్కని ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి మార్చాను.

తరవాత హైస్కూలు మాస్టారి వంతు. ఆయనది నా ఈడే, మా ఊరే. ఆయన తాతా నాన్నా మా పొలంలో పనిచేసేవారని నాకు తెలుసు, నాకు తెలుసునని ఆయనకీ తెలుసు. ఆ సంగతి ఇద్దరం ఎప్పుడూ ఎత్తలేదు.

"చిన్న డౌటండి," అన్నారు మెల్లగా. "ఆ మేడ మీద ఎవరున్నారండి?"

నేను మాట్లాడకూడదు కదా, కాయితంలో పేటవాళ్లన్న మాట మీద వేలుపెట్టి చూపించాను.

"పేటవాళ్లంతా మీ పశువులశాల అటక మీద ఉన్నారని మా అమ్మ చెబుతాదండి. నేను పుట్టింది అక్కడేనండి, వరదొచ్చిన రెండోరోజు పొద్దున్న. యేసు ప్రభువుకీ నాకూ పోలిక అదొక్కటేనండి, ఆయ్."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో కూడా పటుక్కుమన్న చప్పుడు వినబడింది. బెల్లంతో పాటు నా కుడి దవడపన్ను విరిగింది. "మా తాతగారు మేడ తలుపులు తెరిచారు. ఊరంతా ఎరుగును," అన్నాను ముక్కలు మింగుతూ.

"తెరిచేరండి. ధాన్యం బస్తాలు ఎక్కించడానికి తెరిచేరు. మా నాన్నే మోసేడండి."

సీరియల్ గారు కుర్చీలోంచి సగం లేచారు. "ఇదండీ కథంటే. అటక మీంచి చెప్పండి, రేపే పంపించేద్దాం."

"మీకిష్టమైతే ఇద్దరి పేర్లూ వేద్దామండి," అన్నారు మాస్టారు.

"మా ఇంటి పరువు అటకెక్కించడానికి రాలేదు," అని కాయితాలు చంకన పెట్టుకుని లేచాను. అప్పటికే బుగ్గ వాస్తోంది కనుక ఆ మాట అనుకున్నంత గంభీరంగా రాలేదు.

ఇంటికెళ్లి మేనత్తని అడిగాను. ఆవిడ బియ్యం ఏరుతూ తలైనా ఎత్తలేదు. "మేడ మీద వాళ్లెందుకుంటార్రా? బస్తాలెక్కడ పెడతారు మరి? అటక మీద పురుడొచ్చిందంటే మీ తాతగారు లాంతరు పంపించేరుగా."

నా కథలో నిజం ఆ లాంతరొక్కటే.

మర్నాడు మాస్టారు రెండుసార్లు ఫోను చేశారు. నేను ఎత్తలేదు. చివరికి సీరియల్ గారి కథ పంపారు. దర్శకుడు దాన్ని చదివాడో లేదో కూడా ఎవరికీ తెలియలేదు.

ఆ గది మెట్లు మళ్లీ ఎక్కడానికి నాకు పదేళ్లు పట్టింది. కిందటేడు వెళ్లి అదే కథ అటక మీంచి మొదలుపెట్టి చెప్పాను. అడిగే దర్శకుడు ఎవడూ లేడు. మాస్టారు పటికబెల్లం చేతికిస్తూ, "ఎడంవైపు పెట్టుకోండి," అన్నారు. అందరూ చెప్పాల్సింది చెప్పారు. ఆయన చివర్న అన్నారు: "బాగుందండి. మా అమ్మ ఉండగా చెప్పుంటే ఇంకా బాగుండేది."

నాలుక కుడివైపు ఖాళీలోకి పోయింది. వాచిన బుగ్గతో, చంకన కాయితాలతో ఆ మేడబ్బాయి అక్కడే ఇంకా నిటారుగా నిలబడి ఉన్నట్టనిపించి నవ్వొచ్చింది. మాస్టారికి జవాబు చెప్పాలి. కాని నోట్లో పటికబెల్లం ఉంది. ఆ నియమం పెట్టినవాళ్లకి మనసులోనే దణ్ణం పెట్టుకుని, దాన్ని నెమ్మదిగా కరగనిచ్చాను.