మా నాయన సంతకం

మా నాయనకు సంతకం నేర్పింది నేనే. రెండో తరగతిలో, నా పలక మీద. తాండూరులో నాపరాళ్ల పాలిష్ యూనిట్ నుంచి వచ్చి, రాతి దుమ్ము కడుక్కోకుండానే బలపం పట్టుకునేవాడు. ఇంటిపేరు రావడానికే నెల పట్టింది. ఆ తర్వాత బస్తీలో ఎవరికి సాక్షి సంతకం కావాలన్నా మా ఇంటికే వచ్చేవాళ్లు. అది తనకు దక్కిన మర్యాద అనుకుని మురిసిపోయేవాడు.

డిగ్రీ అయ్యాక వికారాబాద్‌లో ఒక కాలేజీలో నేర న్యాయం కోర్సులో చేరాను. పొద్దున రైల్లో పోయి సాయంత్రం రైల్లో వచ్చేదాన్ని. ఒకరోజు పంచనామా పాఠం చెప్పారు. పోలీసులకు దొంగసొత్తు దొరికితే, దొరికిన చోటే ఇద్దరు బయటి మనుషులు కళ్లారా చూసి కాగితం మీద సంతకం చేయాలి. ఇంటికొచ్చి అన్నం దగ్గర అదంతా గొప్పగా వినిపించాను. నా చదువు చూపించుకోవడమంటే నాకు మహా సరదా.

నాయన కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"చూడకుంట పెడితె ఏమైతది బిడ్డ?"

"నువ్వెక్కడ పెట్టినవ్?"

పది రోజుల కింద వాళ్ల యూనిట్‌లో మోటారు రాగితీగ పోయిందట. పోలీసులు నాయనను స్టేషన్‌కు పిలిపించారు. తీగ అప్పటికే బల్ల మీద ఉంది. ఒక కాగితం ముందు పెట్టి సంతకం చేయమన్నారు. అందులో, ఆ తీగ నాయన కళ్ల ముందే ఒకాయన ఇంట్లో దొరికినట్టు రాసి ఉంది. ఆయన ఇరవై ఏళ్లుగా నాయన పక్కన రాయి కోస్తున్నవాడు.

"సారు పెట్టుమన్నడు, పెట్టిన. సదువరానోన్ని, గా కాగితంల ఆని పేరున్నదని నాకేమెరుక?" అన్నాడు.

కేసు కోర్టుకు వచ్చే ముందు, పోలీసులు పట్టుకున్న ఆ మనిషి భార్య మా ఇంటికి వచ్చింది. "అన్నా, నువ్వు మా ఇంటికి రానే రాలే గద. గా ముచ్చటే కోర్టుల చెప్పు" అంది. నాయన తలూపాడు. ఆమె వెళ్లాక నా వైపు తిరిగాడు.

"ఏం చెప్పాలె బిడ్డ?"

నాయన కళ్లకు నేను అప్పటికే పెద్ద వకీలును. అబద్ధపు సంతకమని ఒప్పుకుంటే నాయన మీదే కేసు తిరుగుతుందేమోనని నాకు భయం పట్టుకుంది. "రాసిందంతా నిజమే అని చెప్పు నాయినా. ఇంకేం మాట్లాడకు" అన్నాను. ఆ మాట నన్ను ఇప్పటికీ తొలుస్తోంది.

కోర్టులో నేను వెనక బెంచీలో కూర్చున్నాను. రాసిందంతా నీ ముందే జరిగిందా అని అడిగారు. నాయన నా కోసం వెతికి చూశాడు. నేను తల దించుకున్నాను.

"అవును సారూ" అన్నాడు.

నాయన పక్కన రాయి కోసే ఆయనకు జైలు పడింది. నాకు పరీక్షలో పంచనామా ప్రశ్నే వచ్చింది. తప్పులేకుండా రాశాను, మంచి మార్కులొచ్చాయి. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మొన్న లా కాలేజీ దరఖాస్తు తెచ్చి, తండ్రి సంతకం అన్న చోట వేలు పెట్టి చూపించి పెన్ను ఇచ్చాను. నాయన పెన్ను పక్కన పెట్టాడు.

"ఇంకు డబ్బి తే బిడ్డ. నాకు సంతకం రాదు."

"నేనే నేర్పిన గద నాయినా."

"మర్శిపోయిన."

తెచ్చిచ్చాను. బొటనవేలు అద్ది, గట్టిగా ఒత్తి, నా వైపు చూడకుండా చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. ఆ దరఖాస్తు ఇంకా నా సంచిలోనే ఉంది.