బ్లేడు మొనలు బిగించిన రోజు

నా చిన్నప్పుడు మా గరాజ్‌లో ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో రెండు రకాల బాణం మొనలు ఉండేవి. ఒక రకం మొద్దువి, పెన్సిలు చివరలా నున్నగా ఉంటాయి, వాటిని నేను ముట్టుకోవచ్చు. రెండో రకానికి మూడేసి బ్లేళ్లు, పైన ప్లాస్టిక్ మూత. ఆ మూత తీస్తే చేతులు విరుస్తానని మావయ్య ముందే చెప్పాడు.

మావయ్య అంటే మా అమ్మకు సొంత తమ్ముడు. అమ్మే స్పాన్సర్ చేసి కెనడాలో మేముండే ఎడ్మంటన్‌కు రప్పించింది. మా బేస్‌మెంట్‌లో ఉంటూ ఒక ఆయిల్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసేవాడు. ఆఫీసులో స్నేహితుడొకడు విల్లుతో జింకల వేటకు వెళ్తాడట, ఆయన వెంట ఒకసారి వెళ్లి వచ్చాక మావయ్యకు అదే పిచ్చి పట్టుకుంది. రెండు చివర్లా కప్పీలున్న విల్లు కొన్నాడు. వేట బట్టలు మాత్రం ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. మా పోపు వాసన అంటుకుంటే జింక ఆమడ దూరం నుంచే పసిగడుతుందని పెరట్లో తీగ మీద ఆరేసేవాడు. అమ్మ కావాలనే కిటికీ తెరిచి ఇంగువ పోపు పెట్టేది. "నీకు జింక దొరికేలోపు మేం వంకాయ కూరతో భోంచేసి పడుకుంటాంలేరా" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా తన జోకుకు తనే ముందు నవ్వేది.

నాకు పదేళ్లు వచ్చిన చలికాలంలో అమ్మ, అమ్మమ్మను చూసి వస్తానని ఒక్కతే కాకినాడ వెళ్లింది. అక్కడ జ్వరం వచ్చిందన్నారు. తర్వాత ఒకరోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి నాన్న సూట్‌కేసు సర్దుకుంటున్నారు. మళ్లీ తిరిగొచ్చేటప్పటికి ఆయనకు గుండు ఉంది. అమ్మకు తగ్గాలని తిరుపతిలో మొక్కు చెల్లించానని, అమ్మ ఇంకా కొన్నాళ్లు అమ్మమ్మ దగ్గరే ఉండి మందులు వాడుతుందని చెప్పారు. ఇంట్లో కూడా ఉన్నిటోపీ పెట్టుకునే తిరిగేవారు. ఫోన్ ఎందుకు చేయదని అడిగితే లైన్ కలవడం లేదనేవారు.

ఆ మాట నమ్మానా అంటే నమ్మాననీ చెప్పలేను, నమ్మలేదనీ చెప్పలేను. చేతి తొడుగులు మరిచిపోయి మంచులో స్కూలు బస్సు కోసం నిలబడితే, కాసేపటికి వేళ్లు నావి కావన్నట్టు అయిపోతాయి. నొప్పి ఉండదు, చలీ తెలియదు. నా లోపలంతా అలా ఉండేది. స్కూలుకు వెళ్లేదాన్ని, లెక్కలు సరిగ్గానే చేసేదాన్ని, పెట్టింది తినేదాన్ని. అది ఏం కూరో తిన్నాక అడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఇంటికి ఆంటీలు వచ్చేవారు, నేను వంటింట్లోకి అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయేవి. ఒకావిడ నా తల నిమిరి "అమ్మను దేవుడు చూసుకుంటాడమ్మా" అంటే పక్కనున్న ఆవిడ ఆమె మోచేతి మీద గిల్లింది. ఆ ఏడాది మా ఇంట్లో ఉగాది చేయలేదు. అందరినీ పిలుద్దామని అమ్మ వెళ్లేముందు కొని పెట్టిన పేపర్ ప్లేట్లు కట్ట విప్పకుండానే అల్మారాలో ఉండిపోయాయి. ఎందుకు చేయలేదని నేను అడగలేదు.

మంచు కరిగాక ఆ ప్లేట్లు మావయ్య తీసుకున్నాడు. ఊరి బయట స్నేహితుడి పొలంలో గడ్డిమోపుల ముందు ఒక ఫోమ్ దిమ్మ పెట్టి, దాని మీద ప్లేటు గుచ్చి, శనివారం శనివారం బాణాలు వేసేవాడు. నన్ను వెంట తీసుకెళ్లేవాడు. నా పని ఆయన వెనక నిలబడటం, విల్లు కింద పెట్టాక వెళ్లి ప్లేటు మార్చడం. నాన్న వద్దనలేదు. ఆ రోజుల్లో నాన్న దేన్నీ వద్దనేవారు కాదు, కావాలనేవారూ కాదు. నా మటుకు నాకు అదంతా విసుగూ కాదు, ఇష్టమూ కాదు. దోమలు కుడుతుంటే కుట్టనిచ్చేదాన్ని.

బాణాలు చక్కగా ప్లేటు మధ్యలో గుంపుగా పడేవి. అలా పడ్డప్పుడు మావయ్య వెంటనే వెళ్లి చూసుకునేవాడు కాదు. విల్లు పక్కన పెట్టి, గడ్డిలో చతికిలబడి, ఫ్లాస్కులో టీ పోసుకునేవాడు. ఇది కూడా ప్రాక్టీసేనట. జింకకు బాణం తగిలాక వెంటపడి పరిగెత్తకూడదట. తరిమితే ఆ గాయంతోనే ఎంతో దూరం పోతుంది, ఇక ఎవరికీ దొరకదు. కదలకుండా కూర్చోవాలి, దాని మానాన దాన్ని వదలాలి, తర్వాత నెమ్మదిగా వెళ్లాలి. "వేసేదాకా ఒక ఓపిక, వేశాక ఇంకో ఓపిక. రెండోదే నాకు చేతకాదు" అనేవాడు. నిజంగానే చేతకాదు. టీ కప్పు పట్టుకునే మెడ చాచి ప్లేటు వైపు చూస్తుండేవాడు.

సెప్టెంబరులో విల్లుతో వేటాడే సీజను మొదలు. దానికి కొద్ది రోజుల ముందు, ఆగస్టు చివరి శనివారం, మావయ్య మొద్దు మొనలన్నీ తీసేసి చిన్న స్పానర్‌తో బ్లేడు మొనలు బిగించాడు. నన్ను ఇంకా వెనక్కి జరగమన్నాడు. అదే విల్లు, అదే చెయ్యి, అదే చోటు. బాణం ప్లేటుకు తగలనే లేదు. కుడివైపు దిమ్మ అంచున దిగింది. ఇంకోటి వేశాడు, అదీ అక్కడే. వేసవి అంతా పెన్నుతో చుక్క పెట్టినట్టు కొట్టినవాడు పక్కకు పక్కకు వేస్తూనే ఉన్నాడు.

నేను గాలి వల్లేమో అన్నాను. మావయ్య తల అడ్డంగా ఊపాడు. "గాలి లేదమ్మలూ. నేనే లేటు చేశా, వీటితో జూన్‌లోనే మొదలుపెట్టాల్సింది. విల్లు కాస్త వంకరగా ఉన్నా మొద్దు మొన దాచేస్తుంది. ఇది దాచదు. ముందున్న బ్లేళ్లు గాలిని పట్టేసుకుంటాయి, వంకర ఎక్కడుందో చూపించేస్తాయి."

ఆ మాట అని విల్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బాణం ఆనే చోట ఉండే మర తిప్పి సరిచేస్తాడనుకున్నాను. తిప్పలేదు. స్పానర్ చేతిలో అలాగే ఉంది. చాలాసేపు ఆ ప్లేటు వంకే చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"అమ్మలూ, మీ అమ్మ చచ్చిపోయింది. ఫిబ్రవరిలో. కాకినాడ ఆస్పత్రిలో."

మన ఇళ్లలో సొంతమనిషి గురించి ఎవరూ ఆ మాట అనరు. పోయిందంటారు, కాలం చేసిందంటారు, దేవుడి దగ్గరకు వెళ్లిందంటారు. వాటిలో ఏ మాట చెప్పినా, మరి ఎప్పుడొస్తుందని నేను అడిగేదాన్నే. ఆ సంగతి మావయ్యకు తెలుసు. "మా అక్క" అని ఇంకేదో చెప్పబోయి ఆగిపోయాడు. అక్క చచ్చిపోయిందన్న మాట ఆయన కూడా పైకి అనడం అదే మొదటిసారని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు.

నాకు ఏమీ అనిపించలేదు. ఉన్నమాట చెబుతున్నాను. అవతలి పొలంలో కనోలా, ఆవాల్లాంటి నూనెగింజల పంట, కోతకొచ్చి ఉంది. మోచేతి మీద దోమ వాలింది. నేను అడిగింది ఒక్కటే.

"మరి తిరుపతి?"

"తిరుపతి కాదమ్మలూ."

సరే అన్నాను. మావయ్య నన్ను దగ్గరకు తీసుకోలేదు, ఏడవమనీ అనలేదు, ఏడవొద్దనీ అనలేదు. ఫ్లాస్కు కూడా తెరవలేదు. ఆ రోజు మాత్రం మెడ చాచకుండా, కదలకుండా కూర్చున్నాడు. నేనూ పక్కనే కూర్చున్నాను. నీడలు సాగాక లేచి, ఒక్కో బాణాన్నీ జాగ్రత్తగా లాగి, మూతలు పెట్టి పెట్టెలో సర్దాడు. మర ఆ తర్వాతి శనివారం సరిచేసుకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి నాన్న స్టవ్ ముందున్నారు. "చెప్పేశాను బావా" అన్నాడు మావయ్య. నాన్న అటు తిరక్కుండానే, "ఇంకొంచెం పెద్దదయ్యాక చెబుదామనుకున్నాం కదయ్యా" అన్నారు. అందులో కోపం లేదు. తర్వాత స్టవ్ కట్టేసి, కుర్చీలో కూలబడి, నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన చేతికి చారుపొడి వాసన ఉంది. అప్పుడూ నాకు ఏడుపు రాలేదు.

అది వచ్చింది అక్టోబరులో. తొలిమంచు పడిన ఉదయం నా బూట్ల కోసం తలుపు పక్క అర తెరిచాను. నా వాటి పక్కనే అమ్మ మంచుబూట్లు ఉన్నాయి. కాకినాడలో వీటితో పనేముందని వదిలి వెళ్లినవి. ఒకదాని లోపల మేజోడు ముడుచుకుని ఉంది, అమ్మ పాదం అప్పుడే తీసినట్టు. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. మావయ్య వేట బట్టల్లో, విల్లు భుజాన వేసుకుని బయలుదేరుతున్నాడు. నన్ను చూసి విల్లు గోడకు ఆనించి, ఒక మెట్టు కింద కూర్చున్నాడు. నాకు ఏడుపు వచ్చింది. కొంచెమే వచ్చింది, కానీ అది అమ్మ కోసమని నాకు తెలిసింది. మావయ్య ఆ రోజు వేటకు వెళ్లలేదు. ఆ రెండో ఓపికతో ఆగస్టు నుంచి ఆయన కూర్చునే ఉన్నాడన్నమాట.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మావయ్య లేడు, నాన్న లేరు. పోయిన చలికాలం మా ఆయన కూడా పోయారు. ఆ రోజు మా అమ్మాయి తన కొడుక్కి వినపడకుండా నన్ను వంటింట్లోకి పిలిచి, "అమ్మా, వీడికి తాతయ్య ఇండియా ట్రిప్ వెళ్లారని చెబుదాం, స్కూల్ బ్రేక్‌లో మెల్లగా చెప్పొచ్చు" అంది. దాన్ని తప్పుపట్టను. ప్రేమ ఉన్నచోటే ఇలాంటి అబద్ధాలు పుడతాయి. మా నాన్న టోపీ కింద ఉన్నదీ ప్రేమే.

నేను మాత్రం మనవణ్ని సోఫాలో నా పక్కన కూర్చోబెట్టుకుని, తాతయ్య చచ్చిపోయాడని చెప్పాను. మాట పదునుగానే వచ్చింది. వాడు "ఓకే" అన్నాడు. టీవీ చూడొచ్చా అని ఇంగ్లీషులో అడిగాడు. మా అమ్మాయి నా వైపు భయంగా చూసింది. చూడమన్నాను.

వాడు బొమ్మలు చూస్తున్నాడు. నేను లేచి వెళ్లలేదు. అప్పటి నుంచీ ఇన్ని నెలలుగా, వాడు ఎక్కడ కూర్చుంటే అక్కడికి నా అల్లిక తీసుకుని వెళ్లి కూర్చుంటున్నాను. వాడు ఇంతవరకూ ఏమీ అడగలేదు. అడిగిన రోజు నేను ఆ గదిలోనే ఉంటాను.