ఎండలో కనబడని మంట

చెక్క సామాన్లకు పాలిష్ పెట్టే షెడ్డులో స్పిరిట్ డబ్బాలన్నీ ఆమె అజమాయిషీలోనే ఉంటాయి. తలుపులు బార్లా తీసి, ఎవరి జేబులోనూ అగ్గిపెట్టె లేదని తేలాకే మూత విప్పుతుంది. అందరూ ఆమెను పోలీసక్క అంటారు. ఒకప్పుడు ఆ షెడ్డు ముందే, మిట్టమధ్యాహ్నం, ఒంటి మీద ఒలికిన స్పిరిట్ అంటుకుని ఆమె భర్త గంతులేశాడు. ఆ మంట ఎండలో కంటికి ఆనదు. ఆడుతున్నాడనుకుని ఆమె కడుపుబ్బ నవ్వింది. ఆ నవ్వు వింటూనే అతను కుప్పకూలాడు.

మొన్న కొత్త మేస్త్రీ తోటివాళ్లను నవ్వించడానికి ఎండలో చేతులు విదిలిస్తూ గంతులేశాడు. ఆమె పరుగున వచ్చి బకెట్ నీళ్లు అతని మీద గుమ్మరించింది.

“పిచ్చి పట్టిందా అక్కా? సరదాకి గంతులేశాను!”

ఆమె అతని చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా కాలలేదు.

“ఏం కాలేదు. ఇక నవ్వుకోండయ్యా” అంది, కళ్లు తుడుచుకుంటూ.

ఎవరూ నవ్వలేదు.