తలకిందులైన మామిడి పిందెలు

ధర్మవరంలో సంజీవప్ప మగ్గం మీద ఒక పెళ్లిచీర సగం దాకా వచ్చింది. అంచు నిండా జరీ మామిడి పిందెలు. వాటిని నడిపించేది మగ్గం పైన వేలాడే అట్టల దండ. అట్టలో చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు.

ఆయన కూతురు పవిత్ర పదో తరగతి. బడిలో ప్రతిబింబాల పాఠం చెప్పినప్పటి నుంచి ఆమె ధ్యాసంతా ఆ దండ మీదే. అట్టలను చివరి నుంచి మొదటికి తిప్పి కడితే పిందె తలకిందులవుతుందా అని లెక్కల సారును అడిగింది. ఆయన నవ్వాడు. "మీ ఇంట్లోనే ఉండాది కదమ్మా మగ్గం. చేసి చూడు."

ఆదివారం సంజీవప్ప పెనుకొండకు పెళ్లికి పోయాడు. పవిత్ర దండ విప్పి తిరగేసి కట్టింది. కొంచెం నేసి చూసి, ఊడదీసి, మళ్లీ మామూలుగా కట్టేద్దామనుకుంది. అడ్డపోగు విసిరే నాడె చేతిలోకి తీసుకునేలోపే నాయన వచ్చేశాడు. భయంతో లోపలికి పోయింది. పొద్దున చెబుదామనుకుంటే ఆయన అప్పటికే మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. చెప్పకుండానే బడికి పోయింది.

నేసేటప్పుడు చీర ముఖం కిందికి ఉంటుంది. మధ్యాహ్నం అడుగున అద్దం పెట్టి చూసేసరికి, పొద్దుటి నుంచి నేసిన పిందెలన్నీ తలకిందులు. ఊడదీయబోతే పట్టు నలిగి చిట్లింది. సాయంత్రం పవిత్ర సారు మాటతో సహా జరిగిందంతా చెప్పింది. పట్టు, జరీ ఇచ్చి నేయించుకునే షావుకారు ఆ చీర తీసుకోలేదు. మళ్లీ సరుకూ ఇవ్వలేదు.

సంజీవప్పకు ఇంకొకరి షెడ్డులో కూలి మగ్గం దొరికింది. అక్కడి పెద్ద అంచు చీరలకు పక్కన కూర్చుని అంచు నాడె విసరడానికి ఇంకో మనిషి కావాలి. పవిత్రను కూర్చోబెట్టాడు.

లెక్కల సారు షెడ్డుకే వచ్చాడు. "పరీక్షలు దగ్గర పడినాయి సంజీవప్పా, పాపను పంపు."

"చేసి చూడమన్నది మీరే కదా సారూ? అది చూసింది. నేనూ చూసినా."

సారు వెళ్లిపోయాడు.

పవిత్ర రాయని పరీక్షలు అయిపోయాక ఒకరోజు, తెగిన పోగు ముడివేస్తూ సంజీవప్ప అడిగాడు. "ఏమే, తలకిందులయితాదని నీకు ముందే తెలుసునా?"

"అనుకున్యా నాయనా. నిజమా కాదా చూడల్లని కట్టినా."

"మరి ఒక్కో అట్టను బోర్లిస్తే?"

"కుడిపక్కది ఎడమకొస్తాది."

ఆయన తలెత్తి పైన వేలాడుతున్న అట్టలను కొంచెంసేపు చూశాడు.

"నాడె విసురు," అన్నాడు.