నత్తలు చచ్చాయని రాసిన అర్జీ

పంచాయతీ ఆఫీసు ఫైల్లో నేను రాసిన అర్జీ ఒకటి ఉంది. దస్తూరి గుండ్రంగా ఉంటుంది, అక్షరదోషాలుండవు, కింద పదహారు సంతకాలుంటాయి. అందులో ఉన్న విషయం మాత్రం తప్పు. కావాలని రాసిన తప్పు కాదు, కానీ దానివల్ల ఒక మనిషి పని పోయింది. ఆ కాగితం ఎలా పుట్టిందో పూర్తిగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

చోడవరంలో మా ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయంలో చదువుకున్నదే. మధ్యాహ్నం కరెంటు పోతే మిషను మీద గుడ్డ కప్పి అక్కడికే వెళ్ళేదాన్ని. హోమియో వైద్యం నుంచి భూమి కొలతల దాకా చేతికందినదల్లా చదివాను. వీధిలో ఎవరికి అర్జీ కావలసినా నా దగ్గరికే వచ్చేవారు. దానికి నాకు గర్వంగా ఉండేది, ఇప్పుడు దాచడం దేనికి?

మిషను పక్కన ఒక గాజుతొట్టి ఉంది. అందులో నాలుగు చేపలు, ఏడు పసుపు నత్తలు. అనకాపల్లి దుకాణంలో తెచ్చుకున్నవి. నత్తలు గాజుకు పట్టిన పాచి తింటాయి. గుల్ల గట్టిపడాలని గుడ్డుపెంకు ఉడికించి, ఎండబెట్టి, పొడి చేసి వేసేదాన్ని. సూదిలోంచి కన్ను తీసి పక్కకి చూస్తే ఏదో ఒకటి మీసాలు చాచుకుని మెల్లగా పైకి పాకుతూ కనబడేది. ఎంత తొందర పనిలో ఉన్నా ఒక నిమిషం చూసేదాన్ని.

వేసవిలో మా బోరు ఎండిపోయింది. తొట్టికి కుళాయి నీళ్ళు వాడక తప్పలేదు. చేపల పెంపకం పుస్తకం తెచ్చి నీళ్ళ అధ్యాయం చదివాను. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ మందు ఉంటుంది, ఒక రోజు మూత లేకుండా నిలవబెడితే పోతుంది అని ఉంది. అలాగే చేశాను. ఇంట్లో తాగే నీళ్ళకి మా అత్తగారి రాగి బిందె ఉంది. రోజూ చింతపండుతో తళతళలాడేలా తోమి నీళ్ళు పోస్తాం, పొద్దున్నే తాగితే ఒంటికి మంచిదని. తొట్టి నీళ్ళు కూడా అందులోనే నిలవబెట్టాను.

పది రోజులకి నత్తలు పాకడం మానేశాయి. గుల్లలోకి ముడుచుకుని అడుగున పడి ఉండేవి. ఒకటి గుల్ల మూత వేలాడేసింది. తీసి వాసన చూస్తే కుళ్ళిన కంపు కొట్టింది. ఒక్కొక్కటి చచ్చినప్పుడల్లా నీళ్ళు మార్చేదాన్ని. మార్చినకొద్దీ ఇంకోటి చచ్చేది. చేపలు మాత్రం బాగానే తిరుగుతున్నాయి.

బ్లీచింగ్ ఎక్కువైందని తేల్చుకున్నాను. ట్యాంకులో మందు కలిపేదీ, పొద్దున్నే మా వీధికి నీళ్ళు వదిలేదీ ఒకతనే. అతన్ని ఆపి అడిగాను.

"నానెందుకు ఎక్కువేత్తానక్కా?" అని అతను జేబులోంచి బ్లీచింగ్ ఎంతుందో చూసే చిన్న సీసా తీసి, మా కుళాయి నీళ్ళలో రెండు చుక్కలు వేశాడు. "ఇదిగో సూడు. లేత పసుపు. ఇంతే ఉండాల. ముదురుగా వత్తే నానే ఆపేత్తాను."

"రంగు చూసి చెప్పేస్తే సరా బాబూ? పుస్తకంలో ఏం రాసేరో తెలుసా?"

"పుస్తకం నీళ్ళు తాగదు కదక్కా. తాగీవోళ్ళు ఎవులూ ఏటీ అన్లేదు మరి."

కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నమే అర్జీ రాశాను. 'నత్తలు చచ్చే నీళ్ళు పసిపిల్లలు ఎలా తాగాలి?' అన్న వాక్యం చదివి వినిపిస్తే, పొద్దున నవ్వినవాళ్ళే సంతకాలు పెట్టారు. రెండు వారాలకి అతన్ని పనిలోకి రావద్దన్నారు. కాంట్రాక్టు మనిషి, అడిగే దిక్కు లేదు. బుచ్చయ్యపేట వైపు చెరకు తోటల్లో కూలికి పోతున్నాడని విన్నాను.

కొత్త మనిషి వచ్చాడు. నా నత్తలు ఇంకో రెండు పోయాయి.

రెండిళ్ళ అవతల మా అక్క ఉంటుంది. పోయినేడు దానికి నేనే రెండు నత్తలిచ్చాను. వెళ్ళి చూస్తే గాజుమీద నిక్షేపంగా పాకుతున్నాయి. అదే కుళాయి.

"నువ్వేం నీళ్ళు పోస్తున్నావే?" అన్నాను.

"అదేటే, నువ్వు సెప్పినట్టే. బకెట్టులో పట్టి ఒక రోజుంచి పోత్తన్నాను. పేలాస్టిక్ బకెట్టే, నీలాగ నాకు రాగి బిందెలేటి ఉన్నాయి?"

అది వేళాకోళానికే అంది. నేను మాత్రం అక్కణ్ణించి నేరుగా గ్రంథాలయానికి వెళ్ళి ఆ పుస్తకం మళ్ళీ తీశాను. నేను నీళ్ళ అధ్యాయం ఒక్కటే చదివి ఊరుకున్నాను. రోగాల అధ్యాయంలో ఉంది: రాగి కలిసిన మందులు వేస్తే చేపలు తట్టుకోవచ్చు గానీ నత్తలు బతకవు, కొద్దిపాటి రాగి చాలు. పులుపుతో తోమిన బిందెలో రోజంతా ఉంచిన నీళ్ళు నేనే, నా చేత్తోనే, వాటిమీద పోశాను.

మిగిలిన ఒక్క నత్తని బకెట్టు నీళ్ళలోకి మార్చాను. ఆఫీసుకు వెళ్ళి, తప్పు నాది, అర్జీ వెనక్కి తీసుకుంటానన్నాను.

అక్కడి గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "పదహారు మంది రాసింది మీ ఒక్కరి మాట మీద ఎలా కొట్టేస్తామమ్మా? వాళ్ళందరి చేతా రాయించుకురండి."

మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గడపలో పుస్తకం చూపించి బిందె సంగతి చెప్పాను. "అయితే అతన్ని నీ నత్తల కోసం తీయించీసేవా?" అని ఒకావిడ అడిగింది. అవునన్నాను. పద్నాలుగు మంది సంతకం పెట్టారు. ఇద్దరు తలుపు తీయలేదు.

అతని ఇంటికి కూడా వెళ్ళాను. అతను లేడు. భార్య గుమ్మంలోనే నిలబడి అంతా వింది. "సెరుకాకు కోసీసి ఆయన సేతులు సూడలేకపోతన్నాను," అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఇద్దరివి తక్కువైనా రెండో అర్జీ తీసుకున్నారు. కానీ ఆ పనిలో ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు కదా, మరో చోట ఖాళీ వస్తే చూస్తామన్నారు. వారానికోసారి వెళ్ళి అడుగుతున్నాను. ఇది రాసే రోజుకి ఖాళీ రాలేదు.

సాయం చేసినవారికి దండం పెట్టి ముగించాలి. పేర్లు రాయను. ఒక మనిషి పేరు కాగితం మీద పెడితే ఏమవుతుందో చూశాను. గడువు దాటినా పుస్తకం నా దగ్గర ఉండనిచ్చిన గ్రంథాలయం అమ్మగారికి, నా తప్పు తెలిశాక ఒక్క మాట కూడా దెప్పని అక్కకి, రెండోసారి సంతకం పెట్టిన పద్నాలుగు మందికి, నన్ను గుమ్మంలోంచి పొమ్మనని ఆ ఇల్లాలికి. సీసా తీసి, చుక్కలు వేసి, రంగు చూపించి నిజం చెప్పిన అతనికి.